డేటాబేస్ నుంచి సోప్ సర్వీసుకు కాల్: అవును, కాదు, తెలియలేదు

జర్మనీలోని కంపెనీ ఫ్రాన్స్‌లోని ఇంకో కంపెనీకి సరుకు అమ్మిందనుకోండి. కొన్న కంపెనీ వ్యాట్ నంబరు చెల్లుబాటులో ఉంటేనే బిల్లు మీద వ్యాట్ వేయకుండా పంపొచ్చు. 2020 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ మినహాయింపుకు ఇది తప్పనిసరి షరతు. నంబరు సరిచూసుకోవడానికి యూరోపియన్ కమిషన్ వీఐఈఎస్ అనే ఉచిత సర్వీసు నడుపుతోంది. దానికి రెస్ట్ అనే కొత్త దారి కూడా వచ్చింది గానీ, పాత బిల్లింగ్ సిస్టమ్‌లు అలవాటు పడింది సోప్‌కే (ట్యాగులతో రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ప్రశ్న పంపి, జవాబు తెచ్చుకునే పద్ధతి).

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని ఇలాంటి యూరప్ క్లయింట్ల ఒరాకిల్ డేటాబేస్ సిస్టమ్‌లకు సపోర్టు ఇచ్చేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ టికెట్ (పని అభ్యర్థన) వస్తుంది: కస్టమర్ వివరాలు సేవ్ చేసేటప్పుడే వ్యాట్ నంబరును వీఐఈఎస్‌లో చెక్ చేయాలి, కోడంతా పీఎల్ ఎస్‌క్యూఎల్‌లోనే (ఒరాకిల్ డేటాబేస్ లోపల నడిచే భాష) ఉండాలి, మధ్యలో జావా సర్వర్ ఏదీ లేదు. చూడ్డానికి సగం రోజు పని. దేశం కోడు, నంబరు తీసుకుని నిజమో అబద్ధమో చెప్పే ఒక ఫంక్షన్ రాస్తే చాలనిపిస్తుంది. అసలు చిక్కు ఆ 'నిజమో అబద్ధమో' దగ్గరే ఉంది. బయటి సర్వీసును అడిగితే వచ్చే సమాధానాలు రెండు కాదు, మూడు: అవును, కాదు, తెలియలేదు. ఆ మూడోదానికి కోడ్‌లో చోటు లేకపోవడం వల్ల వచ్చే తలనొప్పుల ముందు ఎక్స్‌ఎమ్‌ఎల్ రాయడం ఏమంత కష్టం కాదు.

ముందు సోప్ సంగతి. దాని 1.1 వెర్షన్ వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ దగ్గర 2000 మేలో ఒక నోట్‌గా వెలువడింది. 1.2 వెర్షన్ 2003 జూన్‌లో అధికారిక సిఫార్సు అయింది. పేరు చూసి భయపడతారు గానీ, పని జరిగేది మామూలు హెచ్‌టీటీపీ పోస్ట్ రిక్వెస్ట్‌తోనే. బయట ఎన్వలప్, దాని లోపల బాడీ, బాడీలో మీరు అడగదల్చుకున్న ఆపరేషన్, దాని కింద విలువలు. వీఐఈఎస్‌కైతే ఆపరేషన్ పేరు చెక్‌వ్యాట్. కంట్రీకోడ్, వ్యాట్‌నంబర్ అనే రెండు విలువలిస్తే సరిపోతుంది. జవాబులో వ్యాలిడ్ అనే ట్యాగులో ట్రూ లేదా ఫాల్స్ వస్తుంది. దానితోపాటు పేరు, చిరునామా, అడిగిన తేదీ ఉంటాయి.

ఆపరేషన్ల జాబితా అంతా డబ్ల్యూఎస్‌డీఎల్ అనే ఫైలులో ఉంటుంది. జావాలోనో డాట్‌నెట్‌లోనో ఆ ఫైలు ఇస్తే క్లాసులన్నీ వాటంతట అవే తయారవుతాయి. పీఎల్ ఎస్‌క్యూఎల్‌లో ఆ సుఖం సరిగ్గా కుదరలేదు. ఒరాకిల్ 10జీ వెర్షన్ రోజుల్లో యూటీఎల్ డీబీడబ్ల్యూఎస్ అనే ప్యాకేజీ ఆ ప్రయత్నమే చేసింది. దానికి డేటాబేస్ లోపల జావా ఉండాలి, జార్ ఫైళ్లు లోడ్ చేయాలి, వెర్షన్లు కుదరాలి. దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సోప్ యూఐ లాంటి పనిముట్టులో డబ్ల్యూఎస్‌డీఎల్ తెరిచి, అది తయారుచేసిన నమూనా ఎన్వలప్ తీసుకుని, దాన్ని యూటీఎల్ హెచ్‌టీటీపీతో (వెబ్ రిక్వెస్టులు పంపే ఒరాకిల్ ప్యాకేజీ) పంపడం తేలిక. మీ డేటాబేస్‌లో ఎపెక్స్ (వెబ్ అప్లికేషన్లు కట్టే ఒరాకిల్ పనిముట్టు) ఉంటే ఎపెక్స్ వెబ్ సర్వీస్ ప్యాకేజీలోని మేక్ రిక్వెస్ట్ ఫంక్షన్ ఈ పనిలో చాలా భాగం తనే చేసి, జవాబును నేరుగా ఎక్స్‌ఎమ్‌ఎల్‌టైప్‌గా చేతిలో పెడుతుంది. కింద చెప్పేవన్నీ దానికీ వర్తిస్తాయి. అడుగున నడిచేది ఇవే దారులు కాబట్టి.

రిక్వెస్ట్ బయల్దేరగానే మొదట అడ్డం పడేది డేటాబేసే. 11జీ రాకముందు యూటీఎల్ హెచ్‌టీటీపీ మీద ఎగ్జిక్యూట్ హక్కు ఉన్న ఎవరైనా ఎక్కడికైనా వెళ్లగలిగేవారు. 11జీ నుంచి ఏ యూజర్ ఏ హోస్టుకు, ఏ పోర్టుకు వెళ్లొచ్చో ఒక జాబితాలో రాసి ఉండాలి. లేకపోతే ఓఆర్ఏ-24247 అనే ఒరాకిల్ ఎర్రర్ వస్తుంది. 12సీ నుంచి డీబీఎంఎస్ నెట్‌వర్క్ ఏసీఎల్ అడ్మిన్ ప్యాకేజీలో అపెండ్ హోస్ట్ ఏస్ అనే ఒక్క కాల్‌తో ఈ అనుమతి ఇచ్చేయొచ్చు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు, అనుమతిని లాగిన్ అయ్యే యూజర్‌కు ఇవ్వడం. డిఫైనర్ రైట్స్‌తో, అంటే దాని యజమాని హక్కులతో, నడిచే ప్యాకేజీ అయితే అనుమతి ఉండాల్సింది ఆ ప్యాకేజీ ఉన్న స్కీమాకు. ఇంకో సంగతి, విసుగొచ్చి నక్షత్రం గుర్తు పెట్టి అన్ని హోస్టులకూ తలుపు తీసేసిన సిస్టమ్‌లు కోకొల్లలు. డేటాబేస్‌లోకి చొరబడ్డవాడికి డేటా బయటికి తీసుకుపోవడానికి అంతకన్నా మంచి దారి ఉండదు.

అది దాటాక ఫైర్‌వాల్. "నా బ్రౌజర్లో ఓపెన్ అవుతోంది కదా" అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో సోప్ యూఐ ఆడినా, బ్రౌజర్ ఆడినా దానికీ దీనికీ సంబంధం లేదు. రిక్వెస్ట్ వెళ్లేది డేటాబేస్ సర్వర్ నుంచి. చాలా కంపెనీల్లో ఆ మెషిన్‌కు ఇంటర్నెట్ దారే ఉండదు, ఉండకూడదు కూడా. ప్రాక్సీ గుండా పంపాలి లేదా నెట్‌వర్క్ వాళ్లతో ఆ ఒక్క చిరునామాకు దారి తీయించుకోవాలి. పరీక్షించాలంటే డేటాబేస్ సర్వర్లోకి లాగిన్ అయి కర్ల్ కమాండ్‌తో చూడాలి.

తర్వాత సర్టిఫికెట్. హెచ్‌టీటీపీఎస్ అనగానే ఒరాకిల్ తన సొంత వాలెట్ (నమ్మే సర్టిఫికెట్లు దాచుకునే ఫైలు) అడుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరిని నమ్మినా దానికి పట్టదు (23ఏఐలో సిస్టమ్ సర్టిఫికెట్లు వాడుకునే వీలు వచ్చింది, అదొక ఊరట). ఓఆర్ఏపీకేఐ అనే పనిముట్టుతో వాలెట్ తయారుచేసి, అవతలి సర్టిఫికెట్‌కు హామీ ఇచ్చిన రూట్, మధ్యలోని ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లను అందులో వేయాలి. ఆ సర్వర్ సొంత సర్టిఫికెట్ వేయాల్సిన పని లేదు. వేస్తే 12సీ తర్వాతి వెర్షన్లలో అదే కొత్త ఎర్రర్లకు కారణమవుతుంది. ఓఆర్ఏ-29024 వస్తే నమ్మకం కుదరలేదని, ఓఆర్ఏ-28759 వస్తే అసలు వాలెట్ ఫైలే తెరవలేకపోయిందని అర్థం. ఈ రెండోదానికి కారణం ఎక్కువసార్లు ఫోల్డర్ పర్మిషన్లే.

సర్టిఫికెట్లకు ఆయుష్షు ఉంటుంది. అవతలివాళ్లు ఇంకో సంస్థ దగ్గర కొత్తది తీసుకున్న రోజు, మీ కోడ్‌లో అక్షరం మారకపోయినా ఉదయాన్నే అన్నీ ఆగిపోతాయి. ఇక 10జీ లాంటి పాత డేటాబేస్‌లది ఇంకో కథ. వాటికి టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్ ప్రమాణం) 1.2 రాదు. 1.0, 1.1లకు 2021 మార్చిలో అధికారికంగా కాలం చెల్లింది. ఆధునిక సర్వర్లు ఆ పాత భాషలో మాట్లాడవు. అలాంటిచోట మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి, డేటాబేస్ నుంచి అక్కడిదాకా లోపలి నెట్‌వర్క్‌లో వెళ్లి, అక్కడి నుంచి బయటికి టీఎల్ఎస్‌తో పంపడమే మిగిలిన దారి.

ఈ అడ్డంకుల్లో ఒక్కటి కూడా సోప్‌ది కాదు, గమనించారా? టికెట్లో "సోప్ సర్వీస్ పనిచేయడం లేదు" అని రాసి ఉన్న సమస్యల్లో పెద్ద భాగం ఇంత వరకే ఉంటుంది.

అవతలికి చేరాక హెడర్లు చూసుకోవాలి. 1.1కి కంటెంట్ టైప్ 'టెక్స్ట్/ఎక్స్‌ఎమ్‌ఎల్'. సోప్‌యాక్షన్ అనే హెడర్ తప్పనిసరి, విలువ ఏమీ లేకపోయినా ఖాళీ కోట్స్ పెట్టాలి. 1.2లో కంటెంట్ టైపే మారిపోతుంది, యాక్షన్ అందులోకే చేరుతుంది. ఎన్వలప్ నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ కోవకు చెందినవో చెప్పే గుర్తింపు) కూడా వేరు. ఒక వెర్షన్ ఎన్వలప్‌ను ఇంకో వెర్షన్ హెడర్లతో పంపితే వచ్చే ఎర్రర్ మెసేజ్ చూసి అసలు తప్పు ఊహించడం దాదాపు అసాధ్యం.

తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలేది ఆ తర్వాతది. కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో బైట్లు చెప్పాలి, అక్షరాలు కాదు. ఇంగ్లీషులో రెండూ ఒకటే కాబట్టి లెంగ్త్ ఫంక్షన్‌తో రాసిన కోడ్ ఏళ్ల తరబడి హాయిగా నడుస్తుంది. ఒక రోజు ఎవరో 'లక్ష్మి' అని పేరు పంపుతారు. చదివేవాళ్లకు రెండక్షరాలు. ఒరాకిల్ లెంగ్త్ దాన్ని 7 అంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్ల చొప్పున అసలు పొడవు 21. మీరు 7 అని చెప్పి 21 పంపితే, లెక్క ప్రకారమే చదివే సర్వర్‌కు ఎన్వలప్ చివరి ట్యాగులు అందవు, ఎక్స్‌ఎమ్‌ఎల్ మధ్యలో తెగిపోయిందంటుంది. లెంగ్త్‌బీ వాడాలి. అదీ డేటాబేస్ క్యారెక్టర్ సెట్ ఏఎల్32యూటీఎఫ్8 అయితేనే సరైన లెక్క. ఎన్వలప్ క్లాబ్‌లో (పెద్ద టెక్స్ట్ దాచే టైపు) ఉంటే లెంగ్త్‌బీ పనిచేయదు, ముందు బ్లాబ్‌గా (ముడి బైట్లు దాచే టైపు) మార్చి దాని పొడవు చూసుకోవాలి. అంతకుముందే ఇంకో గొయ్యి ఉంది. కంటెంట్ టైప్‌లో క్యారెక్టర్ సెట్ చెప్పకపోతే యూటీఎల్ హెచ్‌టీటీపీ దాన్ని ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. అందులో తెలుగు లేదు. లక్ష్మి కాస్తా వరుసగా ప్రశ్నార్థకాలై వెళ్తుంది, ఎర్రర్ కూడా రాదు.

వచ్చే జవాబుకూ ఇదే వర్తిస్తుంది. వీఐఈఎస్‌లో గ్రీస్ కంపెనీ నంబరు అడిగితే పేరు గ్రీకు అక్షరాల్లో రావొచ్చు. జవాబు హెడర్లో క్యారెక్టర్ సెట్ లేకపోతే చదవడానికి ముందే సెట్ బాడీ చార్‌సెట్‌తో యూటీఎఫ్-8 అని చెప్పాలి. (గ్రీస్ దేశం కోడు వీఐఈఎస్‌లో జీఆర్ కాదు, ఈఎల్. మీ దేశాల టేబుల్‌ను నేరుగా వాడితే గ్రీకు కస్టమర్లందరూ ఒకేసారి దొంగలైపోతారు. బ్రిటన్ నంబర్లు 2021 నుంచి అసలే దొరకవు, ఉత్తర ఐర్లాండ్ మాత్రం ఎక్స్‌ఐ కోడుతో మిగిలింది.)

విలువలను స్ట్రింగులుగా అతికించి ఎన్వలప్ కట్టేటప్పుడు కంపెనీ పేర్లలో ఉండే యాంపర్‌శాండ్ గుర్తును మరిచిపోకూడదు. డీబీఎంఎస్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌జెన్‌లోని కన్వర్ట్‌తో మార్చి పంపాలి, లేదా ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎలిమెంట్‌తో కట్టాలి.

జవాబు వచ్చాక ముందు దాన్ని ఉన్నదున్నట్టు క్లాబ్‌గా ఒక టేబుల్లో పడేయండి. నేరుగా ఎక్స్‌ఎమ్‌ఎల్‌టైప్‌గా మార్చబోతే, మధ్యలో ప్రాక్సీ పంపిన హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ వచ్చిన రోజు ఓఆర్ఏ-31011 మాత్రమే మిగులుతుంది. ఆ పేజీలో ఏం రాసి ఉందో ఎవరికీ తెలియదు. రీడ్ లూపు చివర ఎండ్ రెస్పాన్స్ పిలవడం, ఎక్సెప్షన్ వచ్చిన దారిలో కూడా పిలవడం ముఖ్యం. ఒక సెషన్‌లో తెరిచి వదిలేసిన రిక్వెస్టులు 5 దాటితే ఓఆర్ఏ-29270 వస్తుంది. టెస్టింగ్‌లో ఒక్కొక్కటిగా నడిపినప్పుడు ఇది కనిపించదు, బ్యాచ్ జాబ్‌లో ఆరో కస్టమర్ దగ్గర కనిపిస్తుంది.

ట్యాగులు వెతకడానికి సబ్‌స్ట్రింగ్ వాడేవాళ్లను చాలామందినే చూశాను. అవతలి సర్వర్ వెర్షన్ మారి ట్యాగు ముందు ఎన్ఎస్2 అనే ప్రిఫిక్స్ చేరిందంటే అంతా పోయినట్టే. సోప్‌లో ప్రిఫిక్స్ ఏదైనా ఒకటే, అది సూచించే నేమ్‌స్పేసే లెక్క. ఎక్స్‌ఎమ్‌ఎల్‌టేబుల్‌లో ఎక్స్‌ఎమ్‌ఎల్‌నేమ్‌స్పేసెస్ ఇచ్చి, ఎన్వలప్‌కు ఒకటి, వీఐఈఎస్ ట్యాగులకు ఇంకొకటి చెప్పాలి. నేమ్‌స్పేస్ ఇవ్వకపోతే ఎర్రర్ రాదు, ఒక్క వరుస కూడా రాదు. ఇది గుర్తుంచుకోండి, వెంటనే పనికొస్తుంది.

ఎందుకంటే ఫాల్ట్ (సోప్‌లో ఎర్రర్ చెప్పే జవాబు) వచ్చినప్పుడు జరిగేది కూడా సరిగ్గా ఇదే. వీఐఈఎస్ దగ్గర సొంతంగా నంబర్ల జాబితా ఏమీ లేదు. మీరు అడిగిన దేశం పన్నుల శాఖ డేటాబేస్‌ను అది అప్పటికప్పుడు అడిగి చెబుతుంది. ఆ దేశం సిస్టమ్ ఆగి ఉంటే ఎంఎస్ అనవైలబుల్ అనే ఫాల్ట్ వస్తుంది. ఒకేసారి మరీ ఎక్కువ మంది అడిగితే ఎంఎస్ మ్యాక్స్ కంకరెంట్ రెక్ అంటుంది. సోప్ 1.1 నియమం ప్రకారం ఫాల్ట్‌లు హెచ్‌టీటీపీ 500 స్టేటస్‌తో వస్తాయి. యూటీఎల్ హెచ్‌టీటీపీ మామూలుగా 500ను ఎక్సెప్షన్ చేయదు, బాడీని చదవనిస్తుంది. అది మంచిదే, ఫాల్ట్ వివరం ఆ బాడీలోనే ఉంది. కానీ మీ కోడ్ స్టేటస్ చూడకుండా నేరుగా వ్యాలిడ్ ట్యాగు వెతికితే ఏమీ దొరకదు, వేరియబుల్ నల్‌గా మిగులుతుంది. "ట్రూ అయితే సరైనది, లేకపోతే తప్పుది" అని రాసిన ఇఫ్ దాన్ని తప్పుది అంటుంది. ఇరవై ఏళ్లుగా కొంటున్న కస్టమర్‌కు ఆ మధ్యాహ్నం పన్ను వేసి బిల్లు వెళ్తుంది, అతని దేశపు సర్వర్ ఓ గంట ఆగినందుకు.

అందుకే ఈ ఫంక్షన్ బూలియన్ (నిజం లేదా అబద్ధం మాత్రమే) తిరిగి ఇవ్వకూడదు. అవును, కాదు, తెలియలేదు అనే మూడు స్థితుల్లో ఒకటి ఇవ్వాలి. తెలియలేదన్నప్పుడు ఎందుకు తెలియలేదో కూడా చెప్పాలి. అనుమతి, నెట్‌వర్క్, సర్టిఫికెట్, హెచ్‌టీటీపీ, ఫాల్ట్ ఇవన్నీ ఆ మూడో గంపలోకే వెళ్తాయి. అయితే వీటిలో కొన్ని కాసేపాగి మళ్లీ అడిగితే తీరేవి, కొన్ని మనిషి చేయి పడితే తప్ప తీరనివి. ఎంఎస్ అనవైలబుల్‌కు పది నిమిషాలాగి మళ్లీ అడగొచ్చు. ఓఆర్ఏ-24247కు వెయ్యిసార్లు అడిగినా అదే సమాధానం, డేటాబేస్ చూసుకునే డీబీఏకు మెయిల్ వెళ్లాలి.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఈ కాల్ ఎక్కడి నుంచి చేయాలి? టికెట్లో "సేవ్ చేసేటప్పుడే" అని ఉంది కాబట్టి చెయ్యి నేరుగా ట్రిగ్గర్ (వరుస సేవ్ అయ్యేటప్పుడు తనంతట తానే నడిచే కోడ్) మీదకు పోతుంది. వద్దు. కస్టమర్ వరుస మీద లాక్ పట్టుకుని ఐరోపాలోని సర్వర్ జవాబు కోసం ఎదురుచూడటం అంటే, బ్యాంకు కౌంటర్లో గుమాస్తా లెడ్జరు చేత్తో పట్టుకుని ఇంకో ఊరి బ్రాంచికి ఫోన్ కలిపి, అటువైపు ఎవరైనా ఎత్తేదాకా క్యూ మొత్తాన్ని నిలబెట్టడమే. యూటీఎల్ హెచ్‌టీటీపీ మామూలు టైమవుట్ 60 సెకన్లు. దాన్ని 10కి తగ్గించుకోవచ్చు గానీ, అది జవాబు చదివే సమయానికే. ఫైర్‌వాల్ ప్యాకెట్లను చప్పుడు కాకుండా మింగేస్తే కనెక్షన్ కలిసే దశలోనే ఇంకా ఎక్కువసేపు ఇరుక్కుంటారు.

దీనికి మించిన చిక్కు ట్రాన్సాక్షన్‌ది. డేటాబేస్‌లో పనిచేసేవాళ్లకు రోల్‌బ్యాక్ మీద గట్టి నమ్మకం. తప్పు జరిగితే అంతా వెనక్కి వెళ్తుందని. ఇన్సర్ట్ వెనక్కి వెళ్తుంది, వెళ్లిపోయిన హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ వెళ్లదు. దానికితోడు, ఒరాకిల్ కొన్ని సందర్భాల్లో ఒకే అప్‌డేట్‌ను లోలోపల మొదటి నుంచి మళ్లీ నడుపుతుంది. మనం మొదలుపెట్టాక వేరొకరు ఆ వరుసను మార్చి కమిట్ చేస్తే ఇలా జరుగుతుంది. అప్పుడు బిఫోర్ ట్రిగ్గర్ రెండోసారి పేలుతుంది. టేబుల్లో దాని ఆనవాలే ఉండదు, అవతలి సర్వర్‌కు మాత్రం రెండు రిక్వెస్టులు వెళ్లాయి.

వీఐఈఎస్ లాంటి అడిగి తెలుసుకునే సర్వీసుకు రెండుసార్లు అడిగినా నష్టం లేదు. అదే ఆర్డర్ పెట్టే సర్వీసో డబ్బు పంపే సర్వీసో అయితే? రిక్వెస్ట్ వెళ్లింది, జవాబు రాకముందే టైమవుట్ అయింది. అవతల పని జరిగిందా? తెలియలేదు. మళ్లీ పంపితే రెండుసార్లు జరగొచ్చు, పంపకపోతే అసలే జరగకపోవచ్చు. దీనికి ఎస్‌క్యూఎల్‌లో మందు లేదు. ప్రతి రిక్వెస్ట్‌కు మన వైపు నుంచి ఒక రిఫరెన్స్ నంబరు వెళ్లాలి, అదే నంబరు రెండోసారి వస్తే అవతలివాళ్లు కొత్తగా చేయకుండా పాత జవాబే ఇవ్వాలి. అవతలి సర్వీసులో ఆ ఏర్పాటు లేకపోతే ఆ సంగతి కోడ్ రాయకముందే మీటింగ్‌లో తేల్చుకోవాలి.

చేయాల్సిన పద్ధతి పాతదే. సేవ్ చేసేటప్పుడు బయటికి వెళ్లకుండా, 'ఈ నంబరు చెక్ చేయాలి' అని ఒక పెండింగ్ టేబుల్లో వరుస వేయాలి. అది అదే ట్రాన్సాక్షన్‌లో ఉంటుంది కాబట్టి కస్టమర్ రోల్‌బ్యాక్ అయితే అదీ పోతుంది. వెనకాల ఒక జాబ్ ఆ వరుసలను ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్‌డ్‌తో (వేరొకరు లాక్ చేసినవి వదిలేసి) తీసుకుని, ఒక్కొక్కటిగా కాల్ చేసి, ఫలితం రాసి కమిట్ చేస్తుంది. లాక్ ఇక్కడా ఉంటుంది, కానీ అది పెండింగ్ వరుస మీద. కస్టమర్ జోలికి ఎవరూ రారు. ఒకే జాబ్ నడిస్తే వీఐఈఎస్‌కు ఒకేసారి గుంపుగా వెళ్లే బాధ కూడా తప్పుతుంది. ట్రిగ్గర్ నుంచే జాబ్‌ను లేపాలనుకుంటే ఒక తేడా ఉంది: డీబీఎంఎస్ షెడ్యూలర్‌లో జాబ్ క్రియేట్ చేస్తే అది అక్కడికక్కడే కమిట్ అయిపోతుంది. పాత డీబీఎంఎస్ జాబ్ మాత్రం మీరు కమిట్ చేస్తేనే నడుస్తుంది. ఈ పనికి పాతదే నయం.

అయితే యూజర్‌కు వెంటనే ఫలితం కనబడదు, క్లయింట్ ఒప్పుకోవాలి. స్క్రీన్ మీద 'చెకింగ్‌లో ఉంది' అని చూపించి, బిల్లు తీసేటప్పుడు మాత్రం ఫలితం ఉండాల్సిందేనంటే సాధారణంగా ఒప్పుకుంటారు. వాళ్లకు కావాల్సింది బిల్లు తప్పు పోకపోవడమే. అకౌంట్స్ వాళ్లు ఇంకోటి కూడా అడుగుతారు: ఫలానా రోజు చెక్ చేశామని రుజువు. చెక్‌వ్యాట్ అప్రాక్స్ అనే ఇంకో ఆపరేషన్‌కు మీ సొంత వ్యాట్ నంబరు కూడా ఇస్తే జవాబుతో ఒక కన్సల్టేషన్ నంబరు వస్తుంది. ఆడిట్‌లో పనికొచ్చేది అదే. ముందు చెప్పిన ఆ క్లాబ్ టేబుల్‌కు ఇది ఇంకో ఉపయోగం. జర్మనీ నంబర్లకు పేరు చోట మూడు గీతలు మాత్రమే వస్తాయి, అది లోపం కాదు, వాళ్లు పేరు చెప్పరు.

ఇతర డేటాబేస్‌ల్లో పేర్లు వేరు, బాధలు ఇవే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చాలాకాలం ఓలే ఆటోమేషన్ ప్రొసీజర్లతో ఎమ్‌ఎస్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను లేపి పంపేవారు. 2005 వెర్షన్ నుంచి అవి ముందే ఆపివేసి వస్తాయి, తెరవాలంటే సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు. పోస్ట్‌గ్రెస్‌లో హెచ్‌టీటీపీ ఎక్స్‌టెన్షనో పీఎల్ పైథానో కావాలి. రెండూ క్లౌడ్‌లో అన్నిచోట్లా దొరకవు.

లైవ్‌లోకి వెళ్లేముందు మూడో స్థితిని నిజంగా రప్పించి చూడాలి. చాలా సర్వీసులకు ఆ వీలుండదు, వీఐఈఎస్ ఆ విషయంలో మంచిది. దానికి చెక్‌వ్యాట్ టెస్ట్ సర్వీస్ అని వేరే చిరునామా ఉంది. అక్కడ వ్యాట్ నంబరుగా 100 ఇస్తే సరైనదంటుంది, 200 ఇస్తే కాదంటుంది, 201కి తప్పుడు ఇన్‌పుట్ ఫాల్ట్, 301కి ఎంఎస్ అనవైలబుల్, 302కి టైమవుట్ ఫాల్ట్ ఇస్తుంది. 100, 200లతో మాత్రమే టెస్ట్ చేసి 'పాస్' అని రాసిన టికెట్‌ను వెనక్కి పంపండి. 301, 302 ఇచ్చినప్పుడు కస్టమర్ టేబుల్లో వ్యాట్ స్థితి కాలమ్ మారకుండా ఉండాలి, పెండింగ్ వరుస పెండింగ్‌లోనే ఉండాలి, ఎన్నిసార్లు ప్రయత్నించామో చెప్పే అంకె ఒకటి పెరగాలి.